గ లేని పెట్టె

నౌపడా స్టేషన్లో
చిన్న రైలు కదిలిపోతుంటే
ఒక చేత డోలక్కు, ఒక చేత హార్మోనియం,
పళ్ళ మధ్య టిక్కెట్లు.
జారిపోయింది పెట్టె.
జార్చింది నేనే.

పర్లాకిమిడి దాటాక తెరిచి చూశాడు నీలాద్రి.
అన్ని మెట్లూ పలికాయి, నడిమి గాంధారం తప్ప.
నొక్కితే ఉత్త గాలి,
ముసలమ్మ నిద్దట్లో ఊదినట్టు.
తిడతాడనుకున్నాను.
కాశీనగర్ దాకా మాట్లాడలేదు.
అప్పుడు సరి... మ, సరి... మ అని నొక్కుతూ
"ఒరే దాలయ్యా, మనకి తిండి దొరికిందిరా" అన్నాడు.

ఆ రాత్రి ఠాకురాణి జాతరలో
గంటన్నర సేపు గ లేకుండా మాట్లాడాడు.
గుణుపూరు ఉణుపూరయింది,
గాడిద ఆడిదయింది,
ప్రెసిడెంటు గారు ప్రెసిడెంటు ఆరయ్యారు,
మిగతా అయిదుగురూ ఏరీ అని
స్టేజీ కింద వెతికాడు.
ఒడియాలో గాఁ అంటే ఊరు.
గ తీసేస్తే ఆఁ,
తెరుచుకున్న నోరు.

మా జనం సగం ఒడియా, సగం తెలుగు.
ఏ జోకైనా రెండుసార్లు చెప్పాలి.
ముందు ఎడమ పక్క నవ్వేది,
కాసేపటికి కుడి పక్క.
ఆ రెండు నవ్వుల మధ్య ఖాళీలో
నా డోలక్కు పడేది.
ఇరవై రెండేళ్ళు
ఆ సందులోనే కాపురమున్నాను.

పెళ్ళిళ్ళు, వినాయకుడి పందిళ్ళు,
రాయగడ పేపరుమిల్లు క్వార్టర్లలో పదవీ విరమణలు.
కూలిలో ముఢీ, ఆలూచాపు కలిపి లెక్క.
పద్మపురంలో ఓసారి డబ్బుకి బదులు
నాలుగు పనసకాయలిచ్చారు.
బస్సు టాపు మీద వేసుకొచ్చాం.
మా చిలకమ్మ కత్తిపీటకి నూనె రాసింది గానీ
నవ్వలేదు.

తర్వాత ఫోన్లొచ్చాయి.
నవ్వు అందరి జేబుల్లోకీ పోయింది.
నేను ఇటుకబట్టీలో లెక్కలు రాశాను.
నీలాద్రి, ఎవరు చెప్పారో ఏమో,
కోటు కుట్టించుకున్నాడు.

ఇవాళ గుణుపూరు ఇంజనీరింగు కాలేజీ హాలు.
ఫ్లెక్సీ మీద వాడి మొహం, నా అంత ఎత్తు.
రమ్మని కబురంపాడు,
మూడో వరసలో కుర్చీ వేయించాడు.
తెలుగూ ఒడియా హిందీ ఇంగ్లీషూ
మిక్సీలో వేసి తిప్పిన భాష,
అందరికీ ఒక్కసారే అర్థమవుతుంది.
చప్పట్లు ఒక్కసారే పడతాయి.
సందు లేదు.

"విధి నా పెట్టెను నేలకేసి కొట్టింది" అన్నాడు.
ఆ విధి పేరు దాలయ్య.
మూడో వరసలో కూర్చుంది,
మోకాళ్ళ మీద టిఫిను క్యారేజీ పెట్టుకుని.
"ఒక స్వరం పోయింది. నేను ఆగానా?"
"లేదు సార్!" అంది హాలు.
"గెలుపు" అన్నాడు,
గ మీద కాలు మోపి, పూర్తిగా.
నాకే ఎందుకో
తప్పు పలికినట్టు వినిపించింది.

బరంపురం రిపేరువాడు ఏనాడో చెప్పాడు,
రీడులో నలుసు ఇరుక్కుంది,
పది నిమిషాల పని, పాతిక రూపాయలని.
పెట్టె గబగబా మూసేశాడు నీలాద్రి,
పసిబిడ్డకి సూదేస్తామన్నట్టు.
ఆ సంగతి ప్రసంగంలో లేదు.

ఆఖర్న పెట్టె తెరిచాడు.
స. రి.
ఆ తర్వాతి మెట్టు మీద వేలు పెట్టి
ఆగాడు.
మూడొందల మంది పిల్లలు
నీతి వస్తుందని ఎదురు చూస్తున్నారు.
ఉత్త గాలి.
నా వేలు నన్నడగలేదు.
క్యారేజీ మూత మీద ధిం మంది.

ముందు వరసలో ఎవరో వెనక్కి తిరిగి
ఎవరి ఫోనని చూశారు.
నీలాద్రి తలెత్తలేదు.
మ నొక్కాల్సిన చోట
మళ్ళీ గ నొక్కాడు.