తొడిమ

కుట్లేవీ? అంది సైదాబీ,
నా కుచ్చెళ్ళ పైన కళ్ళతో తడుముతూ.
లేవన్నాను.
"కోత లేకుండా క్యాన్సరెట్టా పోద్దే?"
నాకేం తెలుసు, నిద్రలో ఉన్నా.

గుంటూరు యార్డులో ఇరవై రెండేళ్ళుగా
తొడిమలు తీస్తున్న చేతులివి.
గోరు కాస్త లోతుకెళితే
కాయ నోరు తెరుస్తుంది, గింజ రాలుతుంది,
మేస్త్రి కూలి తెగ్గోస్తాడు.
పైపైన లాగితే తొడిమ విరిగి
సగం కాయలోనే ఉండిపోతుంది.
ఆ రెంటికీ మధ్య వెంట్రుకవాసి చోటు.
అందులోనే మా బువ్వ.

కడుపులో మంటంటే ఘాటే అనుకున్నా.
యార్డులో ఎవరికి లేదు మంట?
మజ్జిగ తాగా, సోడా తాగా,
మందుల షాపు కుర్రాడిచ్చిన గులాబీ బిళ్ళలు మింగా.
చివరికి కొత్తపేట ఆసుపత్రిలో గొట్టం వేసి
తెర మీద చూపించింది డాక్టరమ్మ:
తడితడిగా ఎర్రటి గోడ,
దాని మీద రూపాయి బిళ్ళంతైనా లేని మచ్చ,
అచ్చం తాలుకాయ రంగు.

"పైపొరలోనే ఉంది, లోపలికి వేరు పోలేదు.
పొర కింద సెలైన్ ఎక్కించి ఉబ్బిస్తాం,
చుట్టూ గీసి మెల్లగా ఒలుస్తాం.
అంతా నోట్లోంచే. పొట్ట కొయ్యం."
నేనడిగిందొకటే:
లోతుకెళితే చిల్లు పడదా అమ్మా?
ఆవిడ పెన్ను ఆపి నా గోళ్ళకేసి చూసింది.
పడొచ్చు, అంది.
అబద్ధం చెప్పలేదు గనకే వేలు చాపాను.
ముద్ర సరిగా పడలేదు, మూడుసార్లు ఒత్తారు.
కారం తినేసిన బొటనవేలు మరి.

రెండున్నర గంటలు పట్టిందట.
తీసిన పొరని అట్టముక్క మీద పరిచి
చుట్టూ గుండుసూదులు గుచ్చితే
ఖాసిం ఫోన్లో ఫోటో తీశాడు.
మత్తు దిగాక చూపిస్తూ ఏడ్చాడు.
నేను అంచులు చూశా.
ఎక్కడా చిరగలేదు.
మా మేస్త్రి అయితే నోరెత్తకుండా
పూర్తి కూలి ఇచ్చేవాడు.

ఆ మేస్త్రే నిన్న,
"కుట్లు చూపించు, సెలవు రాస్తా" అన్నాడు.
ఏం చూపించను?
పరీక్ష కాగితం చూపించా:
అంచుల్లో ఏమీ లేదు,
ఆరు నెలలకి మళ్ళీ గొట్టం.
చదవడం రాక మడిచి ఇచ్చేశాడు.

ఇవాళ పనిలో కూర్చున్నా.
మధ్యాహ్నం దగ్గర్లో
ఒక కాయ చేతిలో చిట్లింది.
గింజలు ఒళ్ళో రాలాయి.
అందరూ బుట్టలెత్తుతున్నా
దాన్ని పారెయ్యబుద్ధి కాలేదు.