యాడుండేది?

ఫారం పదకొండు పేజీలు.
జూన్ నెల. కిటికీలోంచి గుజ్జు వాసన,
పులిసిన టెంకల వాసన, బాయిలరు పొగ.
ఆడిటరు పంపితే వచ్చి కూర్చున్నాను
మొగిలీశ్వర నాయుడి ఫ్యాక్టరీ ఆఫీసులో,
రబ్బరు స్టాంపూ, ఆయన పాన్ కార్డు జిరాక్సూ పట్టుకొని.

మొదటి ప్రశ్న సులువు, కంపెనీ పేరు.
ఎడారి ఒడ్డున ఏదో ఊళ్ళో పుట్టింది.
పుట్టినచోట దానికి గది లేదు, కుర్చీ లేదు,
ఒక పోస్టు డబ్బా ఉంది.
గల్లాపెట్టె ఇంకా దూరం,
నడిసముద్రంలో దీవి మీది బ్యాంకులో.

రెండో ప్రశ్న:
పన్ను లెక్కకు మీరు ఏ దేశపు నివాసి?
ఆ దేశం ఇచ్చిన గుర్తింపు సంఖ్య రాయండి.
లేకపోతే ఎందుకు లేదో రాయండి.
కారణానికి వదిలిన జాగా
నా బొటనవేలంత.

"అరబ్బు దేశం అని రాసేయి మే" అన్నాడు నాయుడు.
"ఆడ నంబరు ఇచ్చినారా అన్నా?"
"పన్నే కట్టించుకోనోళ్ళు నంబరెందుకిస్తారు?"

మనిషికైతే లెక్క తెలుసు నాకు.
పాస్‌పోర్టు ముద్రలు చూసి రోజులు కూడతాను,
నూట ఎనభై రెండు ఈడుంటే ఈడోడు.
కంపెనీ యాడ పడుకుంటుంది?
మూసుకోవడానికి దానికి కళ్ళు లేవు.
అందుకే ఇంకో మాట అడుగుతుంది ఫారం,
దాని బుర్ర యాడుందని.

ఆ బుర్రను నేను చూశాను.
వేబ్రిడ్జి పక్క సిమెంటు బెంచీ మీద
టీ గ్లాసు తొడకానించి, ఫోను స్పీకర్లో పెట్టి
"టన్నుకు ఇరవై డాలర్లు తగ్గించి డ్రమ్ములు పంపేయప్పా" అంటుంది.
ఎక్కడో పోస్టు డబ్బా
సరేనని తలూపుతుంది.

బయట కుప్పలుగా తోతాపురి.
మా పక్క దాన్ని బెంగుళూరా అంటారు.
బెంగుళూరులో ఒక్క రాత్రి నిద్ర చేసిన కాయ కాదు,
పూసిందీ కాసిందీ బంగారుపాళెంలోనే.
పేరు మాత్రం పొరుగూరిది.
దాన్నెవరూ సర్టిఫికెట్ అడగలేదు,
కోసి నాలిక మీద పెట్టుకుంటే చాలు.

నా పేరు దేశమ్మ.
ఏ దేశమమ్మా అని ఏడిపించేవాళ్ళు బళ్ళో.
మాది గుడిపాల అవతల, ఎల్లరాయి ఆనుకొని,
ఇంట్లో సగం మాట అరవం.
ఇల్లు ఈ పక్క, చెరకు మడి ఆ పక్క.
శిస్తు రెండు చోట్లా కట్టి మా నాయన
రెండు రసీదులూ ఒకే కమ్మీకి గుచ్చేవాడు.
అది యాడుందో తెలిస్తే చాలు అనేవాడు,
నువ్వెవురని ఎవురన్నా అడిగితే.

గేటు బయట ట్రాక్టర్లు, పెద్ద రోడ్డు దాకా.
టోకెను రెండువందల పద్నాలుగు, చెంగల్రాయుడు,
మూడు రాత్రులుగా ట్రాలీ కింద పట్ట పరుచుకొని.
ఆయన నివాసం ఎవరూ రాసుకోలేదు.
కాయ మెత్తబడతా ఉంది.
ఆయనకు నంబరుంది, పిలుపు లేదు.

"ఖాళీగా వదిలేస్తే ఏమైతాది?"
ఖాతా ఆపేస్తారన్నా. ముప్పై రోజులు గడువిచ్చినారు,
ఇరవయ్యారు అయిపోయినాయి.
"తప్పు రాస్తే?"
సంతకం మీది కదా అన్నాను.

నవ్వాడు కానీ గ్లాసు కింద పెట్టలేదు.
"బోర్డు మీటింగులు ఆడ జరిగినట్టు
కాయితాలుండాయి కదమ్మే."
ఉండాయి. నేనే టైపు చేశాను,
ఈ కుర్చీలోనే, పోయిన వేసవిలో,
కీబోర్డు మీద గుజ్జు మరక ఇంకా పోలేదు.

చాలాసేపు ఆయన కిటికీలోంచి చూశాడు.
"చిత్తూరని రాస్తే..." అని
మిగతాది మింగేశాడు.
నేను పెన్ను మూత తీసి
ఆయన పక్కకి జరిపాను.

గేటు దగ్గర మైకు కరకరమంది.
రెండువందల పదకొండు.