లక్ష్మివారం పుట్టినవాడు

చదవడానికొచ్చింది ఓడల ఇంజన్ల గురించి.
ఇసుకతోటలో జెరాక్సు కొట్టు ముందు నిలబడి
లోమేలో బ్యాంకువాడితో ఫోన్లో పోట్లాడుతుంటే
కొట్టు సన్యాసిరావు కాగితాలు పక్కన పెట్టి అడిగాడు:
"అది ఫ్రెంచే కదా? నీకు బాగా వచ్చా?"
వచ్చు, అన్నాను.
ఎన్ని బెత్తం దెబ్బలకి వచ్చిందో
ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

వారం తిరక్కుండా మేడమీద రేకుల గది,
పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు,
మెట్ల దగ్గర ఫ్లెక్సీ: ఫ్రాన్సు దేశపు ప్రొఫెసర్‌చే.
ఫ్రాన్సు నేనెప్పుడూ చూడలేదు, మాది టోగో, అన్నాను.
"అదెక్కడుందో ఎవరికి తెలుసులెండి" అన్నాడు,
ప్రేమగానే.

ఉండేది జాలరిపేటలో.
అద్దె డబ్బులు కొంగున ముడేసుకుంటూ నూకరత్నం అడిగింది
"యావో అంటే ఏటి బాబూ?"
గురువారం పుట్టిన మగపిల్లాడికి మావాళ్ళు పెట్టే పేరు,
వేళ్ళమీద వారాలు లెక్కపెట్టి చూపించాను.
"లచ్చివారమా! మంచి వారమే పుట్టేవు.
మరి అద్దె ఒకటో తారీకుకే ఇచ్చీ."

మొదటి వరసలో ఎస్తేరు రాణి.
కేజీహెచ్‌లో రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వస్తుంది,
క్యూబెక్‌లో నర్సులు కావాలట.
ఆమె నోట్సులో అక్షరాలు మధ్యలో కునుకు తీసి
గీతలై కిందికి జారిపోతాయి.
వెనక వరసలో చెరుకుమిల్లి సోమయాజులు గారు,
రిటైరైన తెలుగు మాస్టారు.
మీరెందుకండీ అంటే, ఊరికే, అంటారు.

బోఁ, అన్నాను ముక్కులోంచి.
బాన్ అంది క్లాసు. బోన్ అంది. బాంగ్ అంది.
మాస్టారు లేచి నిలబడ్డారు:
"అరసున్న! అది మా అరసున్న!
పలకడం మానేశాం, తర్వాత రాయడమూ మానేశాం.
ఇన్నాళ్ళూ ఎక్కడుంది నాయనా?"
పాఠం పక్కన పడేసి ఇద్దరం
బోర్డు నిండా సగం సున్నలు చుట్టాం.

ఫ్రెంచిలో సముద్రం ఆడది, ఓడ మగది.
"ఎందుకు సార్?"
ఎందుకో నాకూ ఎవరూ చెప్పలేదు.
మా ఇంటి భాషలో ఆమెకీ అతనికీ ఒకే మాట.
ఎస్తేరు ఆవులిస్తూ అంది:
"మాకూ అంతే. అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది."

మొన్న కొత్తగా చేరిన పిల్ల, హిమజ,
"అబ్బా, నోరు తిరగట్లేదు" అనేసి
చటుక్కున నాలుక కరుచుకుంది.
పర్సు తీసి
పది రూపాయల నోటు నా బల్లమీద పెట్టింది.
"స్కూల్లో అలవాటు సార్. తెలుగు మాట్లాడితే పది."

నాకు ఎనిమిదేళ్ళప్పుడు
తాడుకి కట్టిన నత్తగుల్ల ఒకటుండేది బడిలో.
ఇంటి మాట ఎవడి నోట జారితే వాడి మెడకి.
ఆఖరి గంటకి ఎవడి మెడలో ఉంటే వాడికి బెత్తం.
గుల్ల వదిలించుకోవాలంటే
ఇంకొకడి నోరు జారాలి.
చెవులు రిక్కించుకుని తిరిగేవాణ్ణి.
కోకు నా స్నేహితుడు. మధ్యాహ్నం ఎండలో
నా దగ్గరికొచ్చి చెవిలో "నీళ్ళు" అన్నాడు, మా మాటలో.
తాడు తీసి వాడి మెడలో వేశాను.
నీళ్ళు ఇచ్చానో లేదో గుర్తులేదు.

నోటు వెనక్కిచ్చాను. హిమజ తీసుకోలేదు.
ఫ్యాను గాలికి ఎగిరి
మాస్టారి చెప్పుల దగ్గర పడింది.
నాకొచ్చిన ముక్కల తెలుగులో అడిగాను:
నోరు తిరగడం అంటే? ఎటు తిరుగుతుంది?
తలా ఒక వైపు చూపించారు.
ఆ రోజు ఫ్రెంచి ఒక్క ముక్క సాగలేదు.
ఫీజు కట్టినవాళ్ళు ఎవరూ గొడవ చెయ్యలేదు.

ఇంటికొచ్చేసరికి నూకరత్నం గుమ్మంలో
కవ్వళ్ళు ఎండబెట్టిన చాప మడుస్తోంది.
"గొంతుకెండిపోయినట్టుంది, పాఠాలు సెప్పీ సెప్పీ.
మీ ఇంట్లో నీళ్ళని ఏటంటారు?"
త్సి, అన్నాను.
"ఛీ ఏటి బాబూ!"
చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వి, లోపలికెళ్ళి
స్టీలు గ్లాసుతో వచ్చింది.
"ఇంద,
నీ త్సీ తాగు."