కనపడని కుట్టు

వంకాయ రంగు రబ్బరు ఎర్ర.
పొట్లం విప్పితే సోపు వాసన.
పదింటికి నూటెనబై.
"ఈ దుడ్లకు అంగట్లో చేపలే వస్తాయి కదప్పా"
అన్నాను. హుసేనప్ప నవ్వలేదు.
కండ్లద్దాలు ముక్కు కొసకు జార్చి
గాలం మొనను తడిమి చూసుకున్నాడు,
ముప్పయ్యేళ్లు గుడ్డను ముందుకు తోసిన బొటనవేలితో.

"తలకాయలో గుచ్చు. గోరంత పోనీ.
పక్క నుంచి బయటికి తీయి.
తిప్పు. అట్ల కాదు, నీ దిక్కుకు.
ఇప్పుడు ఎర్రను నిటారుగా యాలాడదీసి
మొన యాడ ముట్టుకుంటాదో ఆడ గురుతు పెట్టుకో.
కొలత తప్పితే వంకర పోతాది.
వంకర పోతే నీళ్లల్లో గిరగిర తిరుగుతాది.
గిరగిర తిరిగే పురుగును యా చేపా నమ్మదు."

నాది మూడుసార్లు వంకర పోయింది.
నాలుగోసారి చినిగింది.
చినిగిన ముక్కను ఆయన జేబులో వేసుకున్నాడు.
పీలికలు పారేయని అలవాటు.

మొనను మళ్లీ దాని ఒంట్లోకే దూర్చాలి,
తోలు కిందనే ఆపాలి,
ప్యాంటు అంచు మడిచి కుట్టినట్టు
లోపల పట్టు, పైన ఏమీ ఎరగనట్టు.
"ముల్లు బయట పెట్టుకోని పోతే
కంపకు తగులుకుంటాది గాని చేపకు కాదు."

గండికోట నీళ్లు ఆ పొద్దు కదల్లేదు.
సగం మునిగిన కరెంటు స్తంభం,
దాని మీద రెక్కలు ఆరబెట్టుకుంటూ నీటికాకి.
ఆయన విసిరాడు.
సీసం గుండు దిగేదాకా పెదాలతో లెక్క.
పదకొండు దగ్గర దారం వదులైంది.

దారం కింద చూపుడువేలు ఆనించి
కొంచెం కొంచెం చుడుతూ చెబుతున్నాడు:
"మెత్తగుంది. ఒండ్రు.
ఇది కంపకొమ్మ. దాటె, చూస్తివా, తగులుకోలే.
ఇంగ బండలు.
టక్కుమనె.
ఓబుళయ్య అంగడి అరుగు ఇది.
ఆడ్నే నా మిషను ఉండేది."

నేను నీళ్ల వైపు చూశాను. నీళ్లే ఉన్నాయి.

అప్పుడు దారం పక్కకు నడిచింది,
ఎవరో లోపల దాన్ని చేత్తో పట్టుకొని
సందు మలుపు తిరిగినట్టు.
"లాగప్పా!"
ఆయన లాగలేదు.
"లాగు!"
లాగేసరికి ఖాళీ.

తోక తెగిన ఎర్ర వచ్చింది,
ఒళ్లంతా సన్నటి పండ్ల గాట్లు.
"కొరమీను. అరుగు కింద కాపురం పెట్టింది దొంగముండ"
అన్నాడు, ముద్దుగానే.
గాలం నుంచి తప్పించి
అదీ జేబులో వేసుకున్నాడు.

పొట్లంలో ఇంకా ఎనిమిది.
ఒకటి తీసి తలకాయలో గుచ్చాను,
గోరంత.