చెట్టుకో టికెట్టు

తిబిలిసిలో మా లిఫ్టుకి చిల్లర కావాలి.
పది తెత్రీల బిళ్ళ మింగితేగాని పైకి కదలదు.
దాన్ని బాగుచేసే మనిషిని నేను, బద్రీని.
నా దగ్గరా వసూలు చేస్తుంది.

ఏడో అంతస్తు జుజునా
ఏటా రెండుసార్లు కబురు పెడుతుంది.
ఏప్రిల్లో కమలా చెట్టు వాకిట్లోకి దిగాలి,
నవంబరులో మళ్ళీ అద్దాల వసారాకి ఎక్కాలి.
కొబులేతిలో అయితే నేలలోనే బతికేది,
సముద్రం పక్కనే ఉంటుందిగా.

ఇక్కడ దాని ఇల్లు పాత జున్నుపీపా.
అడుగున బెజ్జాలు నేనే పొడిచాను.
నీళ్ళు పోయాలా వద్దా అని ఆమె మట్టిని అడగదు,
మోకాలితో పీపాని ఒరగదోస్తుంది.
తేలిగ్గా లేస్తే దాహం.
మొరాయిస్తే "ఇంకా మత్తు దిగలేదు వీడికి" అంటుంది,
పూర్వం ఎవర్నో అన్నట్టే.

మే నెలలో పూత. లెక్కపెట్టడం మానేశాం.
జూన్లో సగం పిందెలు వాటంతటవే రాలాయి,
మిగిలినవాటిలో సగం గోటితో గిల్లేసింది.
నా ప్రాణం ఉసూరుమంది.
"నీ లిఫ్టులో రాసుంటుందే, ఇంతమందే ఎక్కాలని!
కొమ్మకీ అంతే."

అంటు కిందనుంచి ముళ్ళ రెమ్మొకటి లేచింది,
పై కొమ్మలకి లేని జోరుతో.
చలికి ఓర్చే వేరు అదేనట,
పండు మాత్రం నోట పెట్టలేమట.
కత్తిరిస్తూ తన ఊరి యాసలో
దానికేదో చెప్పుకుంది. నేను వినలేదు.

నవంబరు.
లిఫ్టులో ఇద్దరం, పీపా, పదకొండు పచ్చికాయలు,
ఒక ఆకు నా ముక్కులో.
జుజునా బిళ్ళ వేసింది. ఆగి, ఇంకోటి వేసింది.
అక్కర్లేదన్నాను.
"నా అంత బరువుంది. ఊరికే ఎందుకెక్కాలి?"

డిసెంబరుకి రంగొచ్చింది.
వీధంతా బజారు కమలాల తొక్కలు.
ఒకటి కోసి నోట్లో వేసుకుంది,
కళ్ళు రెండూ మూతపడ్డాయి.
"రంగుకేం, తొందరెక్కువ."

పాత పంచాంగపు కొత్త సంవత్సరం నాడు
కత్తెర నా చేతికిచ్చింది.
"లాగకు. తొడిమ దగ్గర తొక్క చిరిగితే
రెండ్రోజుల్లో కుళ్ళుతుంది.
ముందు దూరంగా కత్తిరించు, తర్వాత దగ్గరగా."
మా ఆవిడ జుట్టు కూడా
ఇంత భయంగా కత్తిరించలేదు నేను.

పది పండ్లు. నా వాటా ఒకటి.
నాలుగో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య
లిఫ్టు ఆపుకుని తిన్నాను, ఆ కిటుకు నాకే తెలుసు.
తొమ్మిది తొనలు. ఒక గింజ.
అంత తియ్యనేం కాదు. అయినా
గింజ జేబులో వేసుకున్నాను.

తొక్క వాసన నాలుగు రోజులు పోలేదు.
రెండో అంతస్తు పిల్ల బిళ్ళ వేసి,
తలుపు మూసుకునేలోగా గుండెనిండా పీల్చి,
బయటికి దూకి
మెట్లెక్కి వెళ్ళిపోయింది.