మగ్గం గుంత

వన్నూరప్ప టేపు పట్టుకొని వచ్చినాడు.
తూర్పు గోడ నుంచి పడమటి గోడ దాకా లాగి
రెండుంబావు సెంట్లన్నాడు.
పొడుగు రాసుకున్నాడు, వెడల్పు రాసుకున్నాడు.
నడింట్లో గుంత అంచున ఆగి
టేపు చుట్టేసినాడు.
లోతు కొలవలేదు.

"ఓబులేసూ, ముందు దీన్ని పూడ్చు.
ఉరవకొండలో ఇప్పుడు ఇల్లు కొనేటోడు
సోఫా యాడ వేసుకోవాలని చూస్తాడు గానీ
కాళ్లు యాడ పెట్టుకోవాలని చూడడు.
పూడ్చి తాడిపత్రి బండ పరిస్తే పద్నాలుగు లచ్చలు,
ఇట్లే ఉంటే పన్నెండున్నర.
నువ్వు పదిహేను చెప్పు.
చెప్పి నోరు మూసుకో."

ముప్పయ్యొక్క ఏండ్లు
ఈ ఇంట్లో నేను మోకాళ్ల పైనే మనిషిని.
వాకిట్లో నిలబడి పలకరించినోళ్లకు
నా చేతులు తెలుసు, వంగిన మెడ తెలుసు, దగ్గు తెలుసు.
కిందిది మన్నుకే తెలుసు.
ఎండాకాలం ఊరంతా పెనం మీదుంటే
నా పాదాలు మాత్రం వేరే ఊళ్లో ఉన్నట్టుండేవి.
వానలకు ఒక కప్ప వచ్చి కాపురముండేది.
తొక్కుడు చెక్క కదిలితే జరిగేది,
ఆగితే మళ్లీ వచ్చి మడమకానుకొనేది.

సున్నం రెండు పూతలేసినాం.
మేకులన్నీ పీకినాం.
రంగు ముంచే మూల, గోడ మీద వంకాయరంగు మరక
మూడో పూతకూ పైకి తేలింది.
"ఆడ క్యాలెండరు తగిలీ" అన్నాడు వన్నూరప్ప.
మగ్గం కొయ్యలు తూకానికి పోయినాయి.
అచ్చు మాత్రం అటక మీదుంది.
ఎందుకో అడగొద్దు.

వాకిట్లో ఇరవైనాలుగు తట్టల ఎర్రమన్ను.
పూడ్చేముందు అడుగు ఊడ్చాలని
సంజమ్మ గుంతలోకి దిగింది.
పూడ్చేదాన్ని ఊడ్చేదెందుకే అంటే
"మురికి మీద మన్ను పోస్తే నాకు నిద్ర పట్టదు."
విరిగిన కండెలు, పోగుల ఉండలు,
ఒక బీడీ కట్ట (నాదే, మానేసినానని
ఒట్టు పెట్టుకున్న ఏడాదిది).
తర్వాత చీపురు ఆగింది.

కమ్మ.
ఎర్రరాళ్ల కమ్మ. ఒక్కటే.

పదకొండేండ్లు దానికోసం
పక్కింటి కుళ్లాయమ్మతో మాటల్లేవు.
ఆ పొద్దు ఆమె కండెలు చుట్టను మా ఇంటికొచ్చింది,
అంతకు మించి సాక్ష్యం లేదు.
నడిమి గోడ మీద గాజుపెంకులు నాటినోణ్ణి నేనే.
ఇల్లు అమ్ముతామని ఊరంతా చెప్పి
గోడవతల మాత్రం చెప్పకుంటిమి.

సంజమ్మ ఏమీ అనలేదు.
కమ్మను కొంగుతో తుడిచి
చీపురు చేతిలో ఉందని కూడా మరిచి
అట్లే వీధిలోకి పోయింది.
నేను అరుపుల కోసం చెవి పెట్టుకొని నిలబడితిని.
అరుపుల్లేవు.
ఏడుపూ లేదు.
చెంబు కింద పెట్టిన చప్పుడొక్కటి.

పొద్దు గుంకే యాళకు కుళ్లాయమ్మ వచ్చింది.
కమ్మ మాట ఎత్తలేదు. నావైపు చూడలేదు.
తడి సున్నం తగలకుండా కొంగు దోపుకొని
గుంత అంచున కూర్చొని
రెండు కాళ్లూ లోపలికి వదిలింది.
"చల్లగుందే" అంది, గుంతతోనే.
కాసేపటికి,
"ఎంత చెప్తాండారు?"

వన్నూరప్ప నేర్పిన పదిహేను
పడుగు నడుమ చిక్కిన నాడె మాదిరి
నా నోట్లో నిలిచిపోయింది.
తగ్గించాల. ఎంత?
గాజుపెంకులకు ఎంత?
ఆమె కూతురి పెండ్లికి పోని దానికి ఎంత?

వంటింట్లో నుంచి సంజమ్మే అంది:
"పదిహేను."
ఒక్క రూపాయి తగ్గని గొంతుతో.

కుళ్లాయమ్మ కాళ్లూపింది.
"గుంత పూడ్చకుంటే పన్నెండున్నరేనంట గదా,
వన్నూరప్ప వీధంతా చెప్పుకుంటా పోతాండాడు.
పూడ్చొద్దులే."

లోపల గిన్నె పెట్టిన చప్పుడు.
"చక్కెర ఎంత వేసేది?" అని అడిగింది సంజమ్మ.
ఒకప్పుడు అడగకుండానే వేసేది.