ఇక్కడే ఉంది

సెమొంకాంగ్ నుంచి ఫోను.
ఉన్ని కొట్టం గుమాస్తా, మకాట్లెహో.
"ఫైలు దొరకలేదంటోంది, అబుతీ.
ఇక్కడే ఉంది. నా కళ్ళ ముందే ఉంది."

మసేరులో నా టీ చల్లారిపోయింది.
అక్కడ మంచు పడుతోందట,
సెప్టెంబరులో,
నిన్ననే బొచ్చు తీసిన గొర్రెల బోడి వీపుల మీద.

నూట పద్నాలుగు మంది కాపరుల బరువులు ఆ ఫైల్లో.
వీపు ఉన్ని ఎంత, పొట్ట ఉన్ని ఎంత,
ముళ్ళూ మట్టీ పోగా మిగిలిందెంత.
అయిదు లోపల ఎక్కకపోతే
ఈ వేలంలో వాళ్ళ పేర్లుండవు.
అప్పటికి మూడూ పది.

నేను రోజూ అడిగేవే అడిగాను.
ఎక్సెల్ మూశావా? మూసింది.
ఇంకో కిటికీలో తెరిచి ఉందేమో? లేదు.
చదవడానికి మాత్రమే అన్న గడిలో టిక్కు?
వెతికి, లేదంది.
ఫైలు పేరేమిటి?
తన పేరే పెట్టుకుంది, పక్కన తేదీ.
మా భాషలో తల్లుల పేర్లు
ఒక చిన్న కొక్కేనికి వేలాడుతూ మొదలవుతాయి,
అక్షరం కాదు, గోటి గీరంత గుర్తు.
"అది తీసెయ్" అన్నాను.
కాసేపు ఫోనులో గాలి హోరు.
తీసేసింది.
అయినా దొరకలేదు.

నాలుగు దాటింది.
తలుపు దగ్గర ఎవరో దగ్గారు.
సెఖొన్యానా ముసలాయనట, దుప్పటి దులుపుకుంటున్నాడట,
మూడు గంటలు గుర్రం మీద వచ్చాడట
తన సంఖ్య వెళ్ళిందో లేదో చూసి పోదామని.

నాకింక అడగడానికేమీ మిగల్లేదు.
"ఆ గడిలో ఏం కొట్టావో చదువు,
ఒక్కో అక్షరం" అన్నాను.
"ఇ. రెండు చుక్కలు. వెనక్కి వాలిన గీత..."

ఇ!
పెన్ డ్రైవ్.

గంట నుంచి ఏ ఇంట్లో వెతుకుతున్నామో
నేనే చూసుకోలేదు.
ఆ సాఫ్ట్‌వేర్ ఆమె కంప్యూటర్లో ఎప్పుడూ లేదు.
కేప్ టౌన్‌లో ఏదో చల్లటి గదిలో
అద్దెకుంటోంది.
నీ ఇంటి గుర్తులు చెప్తే
అది పాపం లేచి
తన ఇంట్లోనే వెతుక్కుంటుంది,
తన అలమారలు, తన అటకలు.
దానికి ఇ ఎక్కడిది?
లేదన్నమాట నిజమే.
ఉందన్న ఆమె మాటా నిజమే.

ఇదంతా చెప్తే ఆమె నవ్వింది.
"ఈయన గుర్రాన్ని మా గుంజకి కట్టేసి
మసేరులో గుంజ దగ్గర చూసుకోమన్నట్టు."
అంతే, అన్నాను. నా కంటే బాగా చెప్పింది.

"మరి అదే వచ్చి తీసుకోవచ్చుగా?"
రాకూడదు.
నీ కంప్యూటర్లోకి తొంగిచూసే హక్కు దానికి లేదు.
కింద "ఎంచుకోండి" అని ఉంటుంది, అది నొక్కి
నీ చేత్తో నువ్వే
ఆ ఒక్క ఫైలూ అందించాలి.

"చూడకపోవడమే మంచిదిలే" అంది, గొంతు తగ్గించి.
"ఇదే పెన్ డ్రైవ్‌లో
మా చిన్నాడి ఆస్పత్రి కాగితాలున్నాయి."

నేనేమీ అనలేదు.
ఆమె నొక్కింది.
పచ్చగీత కదిలింది,
సగంలో ఆగింది,
సోలార్ బ్యాటరీ ఒకసారి కీచుమంది,
సెఖొన్యానా ఏదో అడిగాడు, ఆమె "ఉండు నాన్నా" అంది,
మళ్ళీ కదిలింది.

నాలుగూ నలభై ఏడుకి
నా తెర మీదికొచ్చాయి
నూట పద్నాలుగు వరసలు.
డెబ్బయ్యో వరసలో ముసలాయన:
పదకొండు కిలోల నాలుగొందల గ్రాములు.
చదివి వినిపించాను. అటు వైపు చప్పట్లు కావు,
చేతికర్ర నేలకి తగిలిన చప్పుడు.

ఫోను పెట్టేశాక
ఫైలు పేరు చూశాను.
ఆ చిన్న కొక్కెం
మళ్ళీ వచ్చి ముందు కూర్చుంది.
పెట్టుకోమని చెప్పాలనే అనుకున్నాను,
ఎప్పుడు పెట్టిందో.